వేప మాస్కు, తులసి మాస్కు: బ్యాక్టీరియాను ఆపేది ఏది, చంపేది ఏది?

"హెర్బల్ మాస్కు", "వేప, తులసి పూత పూసిన ఫిల్టర్", "99 శాతం యాంటీ బ్యాక్టీరియల్" లాంటి మాటలు మాస్కు ప్యాకెట్ల మీదా, ఆన్‌లైన్ ప్రకటనల్లోనూ కరోనా రోజుల నుంచీ తిరుగుతున్నాయి. కాలేజీ ప్రాజెక్టుల్లో కూడా ఇది బాగా నలిగిన టాపిక్కే. వీటిని చూడగానే మనవాళ్లు రెండుగా చీలిపోతారు. ఒకరు "మన పెరట్లో ఆకులకు లేని శక్తి దేనికుంది" అంటారు, ఇంకొకరు "అంతా బోగస్" అని కొట్టిపారేస్తారు. నెల్లూరు జిల్లాకు ఈ వాదన కొత్త కాదు. 2021 మేలో కృష్ణపట్నంలో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన మూలికల మందు కోసం జనం బారులు తీరినప్పుడు, ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరిశీలన చేయించి, నెలాఖరుకి కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి అనుమతి ఇచ్చినప్పుడు ఇంటింటా జరిగింది ఇదే గొడవ. మాస్కు సంగతి దానికంటే సులువు, ఎందుకంటే కొలిచి చూడటానికి పరీక్షలు ఉన్నాయి. చిక్కల్లా ఆ పరీక్షలు రెండు రకాలు కావడమే, ప్యాకెట్ మీదకు వచ్చేసరికి రెండింటి అంకెలూ కలగాపులగం అయిపోతాయి.

మధ్య పొరే అసలు ఫిల్టర్

నెల్లూరు పొగతోటలో ఏ మందుల షాపులో అడిగినా ఇచ్చే నీలం రంగు సర్జికల్ మాస్కును కత్తిరించి చూడండి, మూడు పొరలు ఉంటాయి. బయటిదీ లోపలిదీ స్పన్‌బాండ్ అనే కాస్త ముతక నారల గుడ్డ, మధ్యలోది మెల్ట్‌బ్లోన్ అనే సన్న నారల గుడ్డ. సాధారణంగా మూడూ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. బయటి, లోపలి పొరలు ఆకారం కోసం, తడి ఆపడం కోసం. వడపోత పనంతా దాదాపు మధ్య పొరదే. అందులో నారలు ఒకటి నుంచి ఐదు మైక్రాన్ల మందం ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మన తల వెంట్రుకతో పోలిస్తే చాలా సన్నం.

మాస్కు జల్లెడలా పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ ఆ నారల మధ్య సందులు బ్యాక్టీరియా కంటే పెద్దవే. అయినా ఎలా ఆగుతుందంటే, కాస్త పెద్ద తుంపర గాలితోపాటు మలుపు తిరగలేక పోయి నారకు గుద్దుకుంటుంది, మధ్యరకంది పక్కనుంచి పోతూ నారకు రాసుకుని అంటుకుంటుంది, మరీ చిన్న కణం గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలుతూ ఎక్కడో ఒకచోట తగులుతుంది. వీటన్నిటికీ తోడు ఈ నారలకు తయారీలోనే స్థిర విద్యుత్ ఎక్కిస్తారు. తల దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకున్నట్టు కణాలు నారలకు లాక్కోబడతాయి. ఈ విద్యుత్ ఎక్కించే పద్ధతుల్లో ఒకదాని పేరు కరోనా చార్జింగ్, ఆ వైరస్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అమెరికాలో టెన్నెసీ యూనివర్సిటీలో పీటర్ త్సాయ్ ఈ పద్ధతి మీద చేసిన పని ఎన్95 మాస్కులకు పునాది అయింది.

ఇంతవరకు జరిగినదాంట్లో చంపడం ఎక్కడా లేదు. పట్టుకోవడం మాత్రమే ఉంది.

98 ఒక పరీక్షది, 99 ఇంకో పరీక్షది

మాస్కు ఎంత ఆపుతుందో చెప్పే పరీక్షను బ్యాక్టీరియల్ ఫిల్ట్రేషన్ ఎఫిషియెన్సీ అంటారు, పొట్టిగా బీఎఫ్ఈ. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాను సగటున 3 మైక్రాన్ల తుంపరలుగా చేసి, నిమిషానికి 28.3 లీటర్ల గాలితో మాస్కు గుడ్డ గుండా పంపిస్తారు. అవతల అగార్ పళ్లేలు, అంటే బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పోసిన పళ్లేలు పెట్టి, ఎన్ని కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) మొలిచాయో లెక్కపెడతారు. గుడ్డ లేకుండా 2,000 కాలనీలు వచ్చి, గుడ్డ పెట్టాక 40 వస్తే, 1,960 ఆగినట్టు, అంటే 98 శాతం. యూరప్ ప్రమాణం ఈఎన్ 14683 ప్రకారం టైప్ 1 మాస్కుకు కనీసం 95, టైప్ 2కు కనీసం 98 శాతం రావాలి. మన దేశంలో సర్జికల్ మాస్కులకు ఐఎస్ 16289 అనే ప్రమాణం ఉంది. వడపోతతోపాటు ఊపిరి ఎంత సులువుగా ఆడుతుందో కూడా కొలుస్తారు, అంటే గాలికి గుడ్డ ఎంత అడ్డుపడుతోందో పాస్కల్స్ అనే ఒత్తిడి కొలతలో చూస్తారు. యూరప్ ప్రమాణంలో టైప్ 1, 2 మాస్కులకు ఇది చదరపు సెంటీమీటరుకు 40 పాస్కల్స్ లోపు ఉండాలి. ఈ 40 సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

గమనించాల్సింది ఏంటంటే, గుడ్డలో ఆగిపోయిన 1,960 చచ్చాయా బతికున్నాయా అని బీఎఫ్ఈ అడగదు.

చావు సంగతి తేల్చేది వేరే పరీక్ష. గుడ్డలకు వాడే ఐఎస్ఓ 20743 లో ఒక చిన్న గుడ్డముక్క మీద బ్యాక్టీరియా ఉన్న ద్రవాన్ని చుక్కలుగా వేసి, 37 డిగ్రీల దగ్గర 18 నుంచి 24 గంటలు ఉంచి, తర్వాత ఎన్ని మిగిలాయో చూస్తారు. పక్కన పూత లేని అదే గుడ్డను పెట్టి దానితో పోలుస్తారు. ఇక్కడే ఒక తిరకాసు ఉంది, నాకైతే ఈ మొత్తం వ్యవహారంలో ఆసక్తికరమైన చోటు ఇదే.

రెండు గుడ్డల మీదా 40,000 చొప్పున వేశారనుకుందాం. ఆ ద్రవంలో కొద్దిగా పోషకం ఉంటుంది కాబట్టి మామూలు గుడ్డ మీద అవి పెరిగి 40 లక్షలు అయ్యాయి. ఆకు పూత ఉన్న గుడ్డ మీద 40,000 అలాగే ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. 40 లక్షలతో పోలిస్తే 40,000 అంటే నూరో వంతు. కాబట్టి రిపోర్టులో "99 శాతం తక్కువ" అని వస్తుంది, ఆ ప్రమాణం లెక్కలో అది 2 పాయింట్లు (పదో వంతుకు తగ్గితే 1, నూరో వంతుకు తగ్గితే 2), అంటే గుడ్డ పనిచేసినట్టే. ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ అక్కడ జరిగింది బ్యాక్టీరియా చావడం కాదు, పెరగకుండా ఆగడం. "99 శాతం చంపుతుంది" అనే వాక్యం ఈ రిపోర్టు నుంచే పుట్టుకు రావచ్చు. నిజంగా చంపిన గుడ్డలూ ఉంటాయి, 40,000 కాస్తా 40 అయినవి. ప్యాకెట్ చూస్తే ఈ రెండూ ఒకేలా కనబడతాయి.

ఇంకో పరీక్ష కాలేజీల్లో ఎక్కువగా కనిపిస్తుంది. బ్యాక్టీరియా పరిచిన అగార్ పళ్లెం మీద గుడ్డముక్క పెట్టి, చుట్టూ ఎన్ని మిల్లీమీటర్ల మేర ఖాళీ వలయం ఏర్పడిందో స్కేలుతో కొలవడం. చవక, ఫొటో కూడా అందంగా వస్తుంది. కానీ వలయం పెద్దదంటే రసం గుడ్డను వదిలి బయటికి బాగా కారుతోందని కూడా అర్థం. ముక్కు ముందు పెట్టుకునే గుడ్డకు అది మంచి గుణమో కాదో మీరే ఆలోచించండి.

ఆకుల్లో ఏముంది

శక్తి లేదనడం తప్పు. మొక్కలకు పారిపోవడం రాదు కాబట్టి పురుగుల నుంచి, బూజు నుంచి, బ్యాక్టీరియా నుంచి కాపాడుకోవడానికి రసాయనాలు తయారు చేసుకుంటాయి. లవంగంలోనూ తులసిలోనూ ఉండే యూజినాల్ బ్యాక్టీరియా పైపొరను చిల్లులు పడేలా చేస్తుంది. ప్రకాశం జిల్లాలో ఎకరాలకు ఎకరాలు కనిపించే జామాయిల్ ఆకు నూనెలో సినియోల్ ఉంటుంది. కరక్కాయ, దానిమ్మ తొక్కలో టానిన్లు అనే వగరు పదార్థాలు ప్రోటీన్లకు అతుక్కుని వాటి పని చెడగొడతాయి. పసుపులో కర్కుమిన్ సంగతి అందరికీ తెలిసిందే. వేపలో బాగా పేరున్న అజాడిరాక్టిన్ మాత్రం ప్రధానంగా పురుగుల మీద పనిచేసేది, వేప బ్యాక్టీరియా మీద చూపే ప్రభావం ఎక్కువగా అందులోని మిగతా పదార్థాలది.

అయితే మోతాదు అనేది ఒకటుంది. ఫలానా బ్యాక్టీరియా మీద బాగా పనిచేసే యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము, అటూఇటుగా ఉన్నా చాలు. ముతక ఆకు సారానికి అదే పని చేయడానికి తరచుగా వందల మైక్రోగ్రాములు, ఒక్కోసారి కొన్ని మిల్లీగ్రాములు పడుతుంది. పైగా స్టెఫిలోకాకస్ లాంటి గ్రామ్ పాజిటివ్ రకాలు తేలిగ్గా లొంగుతాయి, ఈ.కోలి లాంటి గ్రామ్ నెగటివ్ రకాలకు బయట ఇంకో పొర ఉంటుంది కాబట్టి మొండికేస్తాయి. ఒక్క స్టెఫిలోకాకస్ మీదే పరీక్షించి "యాంటీ బ్యాక్టీరియల్" అని రాసుకుంటే అది సగం కథ. వైరస్ అయితే పూర్తిగా వేరే రకం, బ్యాక్టీరియా మీద పనిచేసిన పూత దాని మీద పనిచేస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

సారం తీసే పద్ధతిని బట్టి కూడా మారిపోతుంది. నీళ్లలో కాచి తీసిన కషాయం వేరు, అదే ఆకును ఎండబెట్టి పొడి చేసి మిథనాల్ అనే ఆల్కహాల్‌లో తీసిన సారం వేరు. చెట్టు ఎక్కడిది, ఏ కాలంలో కోసిన ఆకు అనేదాన్ని బట్టి కూడా లోపలి సరుకు మారుతుంది. రోహిణి కార్తెలో ఉదయగిరి కొండల కింద కోసిన వేపాకూ, వానలకు పెరిగిన లేత వేపాకూ ఒకటే అనుకుని లెక్క వేస్తే ఒక బ్యాచ్ పనిచేస్తుంది, ఇంకోటి చేయదు. ల్యాబులో గెలిచిన చాలా పూతలు ఫ్యాక్టరీ దాకా రాకపోవడానికి ఇదొక కారణం.

గుడ్డకు ఎక్కించడంలోనే అసలు తంటా

సారం సిద్ధంగా ఉంది, ఇప్పుడు ఫిల్టర్‌ను అందులో ముంచి ఆరబెడితే సరి అనిపిస్తుంది. కానీ పాలీప్రొపిలీన్ నీళ్లంటే పడని ప్లాస్టిక్, కషాయంలో వేస్తే చుక్కలు తామరాకు మీద నీళ్లే. సరే, ఆల్కహాల్‌లో తీసిన సారం వాడదాం అంటే ఆల్కహాల్ గుడ్డను బాగానే తడుపుతుంది, కానీ ఇందాక చెప్పిన స్థిర విద్యుత్‌ను తుడిచిపెట్టేస్తుంది. ఎంతగా అంటే, గాలి ఫిల్టర్ల ప్రమాణాల్లో విద్యుత్ లేకుండా ఫిల్టర్ ఎంత పనిచేస్తుందో చూడటానికి కావాలని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌నే వాడతారు. ఆకు రసం పూసి బ్యాక్టీరియాను చంపే గుణం తెచ్చిపెట్టాం, దాంతోపాటు పట్టుకునే గుణాన్ని పోగొట్టాం. మాస్కుకు రెండోదే ముఖ్యం కదా! నూనెలతో కూడా ఇదే బాధ, నూనె కూడా ఈ విద్యుత్‌ను దెబ్బతీస్తుంది. ఎన్95లో ఎన్ అనే అక్షరానికి అర్థమే నూనె తుంపరలకు తట్టుకోదని.

దీనికి పరిశోధకులు వెతికిన దారులు కొన్ని ఉన్నాయి. మధ్య పొర జోలికి పోకుండా బయటి పొరకో, అదనంగా కలిపిన నూలు పొరకో పూత వేయడం ఒకటి. నూలుకు ఆకు సారం పట్టడం మనకు కొత్తేం కాదు, కలంకారీ వాళ్లు గుడ్డను కరక్కాయ, గేదెపాలలో ముంచేది అందుకే, కరక్కాయ టానిన్ నూలు పోగుల్ని పట్టుకుని ఆ తర్వాత వేసే రంగును నిలబెడుతుంది. పాత నెల్లూరు జిల్లా వెంకటగిరిలో నేసే సన్న నూలు లాంటి గుడ్డ మీద ఈ పని సులువు. కాకపోతే నూలు పొర ఎంత యాంటీ బ్యాక్టీరియల్ అయినా, వడపోతలో మెల్ట్‌బ్లోన్‌కు సాటి రాదు.

రెండో దారి ఎలక్ట్రోస్పిన్నింగ్. నారలు తీసే ప్లాస్టిక్ లాంటి పదార్థపు (పాలిమర్) ద్రావణంలోనే సారం కలిపి, ఎక్కువ వోల్టేజీ పెట్టి, మైక్రాన్ కంటే సన్నటి నారలుగా లాగడం. ఇందులో మందు నార లోపలే ఉంటుంది, నార సన్నం కాబట్టి విద్యుత్ మీద అంతగా ఆధారపడకుండానే వడపోస్తుంది. మెల్ట్‌బ్లోన్ యంత్రంతో పోలిస్తే ఉత్పత్తి మాత్రం నెమ్మది, ఖర్చు ఎక్కువ. మూడోది, సారాన్ని చిన్న చిన్న గుళికల్లో బంధించి గుడ్డకు అతికించడం. తులసి, లవంగం, జామాయిల్ లాంటి వాటికి ఇది అవసరం, ఎందుకంటే వాటి సరుకు ఆవిరైపోయే రకం. వాసన వస్తోందంటే మందు గాలిలోకి పోతోందనే. పసుపుది ఇంకో సమస్య, కర్కుమిన్ వెలుతురు తగిలితే చెడిపోతుంది.

ఏ దారిలో పోయినా పూత నారల సందుల్ని కొంత పూడుస్తుంది. అప్పుడు ఆ 40 పాస్కల్స్ హద్దు దాటిపోయి ఊపిరి బరువెక్కుతుంది.

సెకనులో నూరో వంతు

ఇప్పుడు ఒక లెక్క. మాస్కులో గాలి ఆడే భాగం 200 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. పని చేసుకుంటున్న మనిషి నిమిషానికి 30 లీటర్ల గాలి పీలిస్తే సెకనుకు 500 ఘన సెంటీమీటర్లు. 500ని 200తో భాగిస్తే గాలి వేగం సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు. మధ్య పొర మందం పావు మిల్లీమీటరు అనుకుంటే, దాన్ని దాటడానికి పట్టేది సెకనులో నూరో వంతు. పరీక్షలో ఆకు సారానికి ఇచ్చింది 18 గంటలు. గాలిలో ఎగిరి వచ్చే బ్యాక్టీరియా నారకు తగలకుండా దాటిపోతే పూత దాన్ని ఏమీ చేయలేదు. తగిలి ఆగితే ఎలాగూ మీ ముక్కులోకి రాలేదు, అది బతికున్నా చచ్చినా ఆ క్షణానికి తేడా లేదు.

మరి పూత ఎందుకు అంటే, అనుకూలంగా మాట్లాడేవాళ్ల వాదనలో కూడా పస ఉంది. ఆగిన బ్యాక్టీరియా గుడ్డలోనే ఉంటుంది. లోపలి వైపు మన నోటి బ్యాక్టీరియా, ఉమ్మి తడి, ఒంటి వేడి అన్నీ కలుస్తాయి. కోస్తా ఉక్కపోతలో మాస్కు గంటలో తడిసిపోతుంది. దాన్ని చేత్తో సర్దుకుని, గడ్డం కిందికి లాగి, జేబులో పెట్టి మళ్లీ పెట్టుకునేవాళ్లే ఎక్కువ. అలాంటప్పుడు పట్టుబడ్డ బ్యాక్టీరియా పెరగకుండా ఆపే పూత వాసన తగ్గించవచ్చు, చేతికి అంటే సంఖ్యనూ తగ్గించవచ్చు. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీవాళ్లు టీ ట్రీ నూనెతో, కొరియా పరిశోధకులు సోఫోరా అనే మొక్క వేరు సారంతో ఫిల్టర్ల మీద చేసిన ప్రయోగాల్లో పట్టుబడిన బ్యాక్టీరియా బతికే శాతం తగ్గింది. ఇవి రెండూ గాలిలో తుంపరలుగా పంపి చేసినవి కాబట్టి పళ్లెం మీద వలయం కొలిచిన వాటికంటే బరువైన ఆధారాలే. ఆసుపత్రిలో మాత్రం ఒకసారి వాడి వ్యర్థాల పసుపు బ్యాగులో పడేసే మాస్కుకు ఈ లాభం ఎంత అనే ప్రశ్న మిగిలే ఉంటుంది.

"ఆకుది" అన్నదంతా ఆకుదేనా

గ్రేప్‌ఫ్రూట్ అనే పంపరపనస జాతి పండు గింజల సారం సహజమైన యాంటీ బ్యాక్టీరియల్ అని ప్రపంచమంతా అమ్ముడుపోయింది. 1999లో జర్మనీ శాస్త్రవేత్తలు మార్కెట్లో దొరికే ఆరు రకాలు పరీక్షిస్తే ఐదింటిలో బెంజెథోనియం క్లోరైడ్ అనే కృత్రిమ క్రిమిసంహారి బయటపడింది. అలాంటివేమీ కలపని ఆరోది బ్యాక్టీరియాను ఏమీ చేయలేదు.

ఇంతకంటే సున్నితమైన సంగతి సిల్వర్ నానో కణాలది. "వేపాకుతో తయారైన నానో సిల్వర్ మాస్కు" అంటే అక్కడ వేపాకు రసం వెండి లవణాన్ని వెండి కణాలుగా మార్చడానికి సాయపడింది, బ్యాక్టీరియాను చంపే పని ముఖ్యంగా వెండిది. అందులో మోసం లేదు, మంచి పద్ధతే, కానీ దాన్ని "ఆకు మాస్కు" అని పిలిస్తే కొనేవాడు అనుకునేది వేరు.

సహజం కాబట్టి హాని లేదనే మాట కూడా నిలబడదు. ఒంటికి రాసుకోవడం, తాగడం, ఊపిరితిత్తుల్లోకి పీల్చడం మూడూ వేర్వేరు. యూజినాల్, టీ ట్రీ నూనె కొందరికి చర్మం మీద అలర్జీ తెస్తాయి. గ్రాఫీన్ అనే కార్బన్ పదార్థం పూసిన మాస్కుల విషయంలో 2021 ఏప్రిల్‌లో కెనడా ఆరోగ్య శాఖ కణాలు ఊపిరిలోకి పోయే ప్రమాదం ఉందేమో అని అమ్మకం ఆపించి, పరిశీలించాక కొన్ని మోడళ్లను మళ్లీ అనుమతించింది. ఆకు పూతకైనా అడగాల్సిన ప్రశ్న అదే: పీల్చినప్పుడు గుడ్డ నుంచి ఏం రాలుతోంది, ఎంత రాలుతోంది.

పక్కల నుంచి పోయే గాలి

మాస్కు పక్కల నుంచి, ముక్కు దగ్గర సందు నుంచి 30 శాతం గాలి వడపోత లేకుండా వస్తోందనుకుందాం. మిగతా 70 శాతం గాలికి 98 శాతం ఫిల్టర్ అంటే మొత్తం రక్షణ 68.6 శాతం. ఫిల్టర్‌ను 99.9కి పెంచితే? 69.9. ఫిల్టర్ ముట్టుకోకుండా సందుల్ని 10 శాతానికి తగ్గిస్తే 88.2. ముక్కు మీది తీగను గట్టిగా నొక్కితే వచ్చే లాభం ఏ ఆకు పూతతోనూ రాదని ఈ మూడు అంకెలే చెబుతాయి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లోనూ మార్కాపురం పలకల పనిలోనూ ఉన్నవాళ్లకైతే ఈ చర్చే వర్తించదు. వాళ్ల ఊపిరితిత్తుల్ని తినేది సిలికా దుమ్ము, దానికి ప్రాణం లేదు కాబట్టి చంపేది ఏమీ లేదు. అక్కడ కావాల్సింది ముఖానికి బిగుతుగా కూర్చునే, ఐఎస్ 9473 ప్రమాణం ఉన్న రెస్పిరేటర్. దుమ్ము పనికి "హెర్బల్ యాంటీ బ్యాక్టీరియల్" మాస్కు కొనడం డబ్బులు దండగ అనడం కూడా తక్కువే, రక్షణ ఉందన్న భ్రమ ఇంకా చేటు.

ఆకు పూతకు నిజంగా సరిపోయే చోటు ముఖం కాకపోవచ్చు. ఏసీల్లో, ఆసుపత్రి గాలి గొట్టాల్లో పెట్టే ఫిల్టర్లు నెలల తరబడి అక్కడే ఉంటాయి, దుమ్ము పేరుకుంటుంది, సముద్రపు గాలి తేమ తోడవుతుంది, బ్యాక్టీరియాకూ బూజుకూ తిండీ టైమూ రెండూ దొరుకుతాయి. పూతకు కూడా అక్కడ సెకనులో నూరో వంతు కాదు, రోజుల కొద్దీ సమయం ఉంటుంది. అందుకేనేమో కొరియా, ఆస్ట్రేలియా ప్రయోగాలు రెండూ మొదలైంది గాలి ఫిల్టర్లతోనే.